ముత్యమన్నకు రావలసిన నోటీసు

"కార్మిక బాంధవుడు, అలుపెరగని యోధుడు శ్రీ ముత్యమన్న గారికి అతివేగం నేరంపై జరిమానా నోటీసు రానున్న శుభ సందర్భంగా హృదయపూర్వక శుభాకాంక్షలు" అని మా క్వార్టర్ ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. కింద శుభాకాంక్షలు తెలిపేవారి ఫొటోలు ముప్పై రెండు. నీళ్ళ ట్యాంకర్ తగిలి ఒకాయన ఫొటో చిరిగింది గాని, మిగతా ముప్పై ఒక్కరి ముఖాల్లో ఆనందం స్పష్టంగా కనబడుతోంది.

ఊరి బయటి పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ముత్యమన్న మా గోదావరిఖనిలో ఒక కార్మిక సంఘానికి ఉపాధ్యక్షుడు. సంఘం పేరు రాయను. రాస్తే మిగతా సంఘాలు తమ పేరెందుకు రాయలేదని ఇంటి మీదికి వస్తాయి. అన్న గని రక్షణ కమిటీలో సభ్యుడు కూడా. నెలకొకసారి గనిలోకి దిగి, కప్పు గట్టిగా ఉందో లేదో చూసి, కాగితం మీద సంతకం పెట్టాలి. తక్కిన సభ్యులు పాపం దిగి చూస్తారు. అన్నకు ఆ అవసరం లేదు. క్యాంటీన్‌లో మిర్చీ బజ్జీ తింటూనే మూడు వందల మీటర్ల కింద కప్పు ఎలా ఉందో చెప్పగలరు. అంత చూపు అందరికీ రాదు.

పోయిన నెల పద్నాలుగున మధ్యాహ్నం రెండున్నరకు ఆ కప్పులో ఒక పెళ్ళ, అన్న సంతకాన్ని ఏమాత్రం లెక్కచేయకుండా కిందపడింది. మా పక్క క్వార్టర్ బిక్షం కాలు రెండు చోట్ల విరిగింది. మూడున్నరకల్లా కాలనీ ఆడవాళ్ళందరం దవాఖాన గేటు దగ్గర ఉన్నాం. "కప్పు మంచిగున్నదని సంతకం పెట్టినాయన యాడున్నడు?" అని బిక్షం భార్య అనసూర్య అడుగుతూనే ఉంది. అన్న ఫోన్ స్విచాఫ్.

ఆరున్నరకు అన్నే వచ్చారు. చేతిలో బత్తాయిల కవరు, వెనక ఇద్దరు విలేకరులు.

"నాలుగు గొట్టంగ నేను హైదరాబాదుల మీటింగుల ఉన్న. ఫోనొచ్చింది. చాయ్ కప్పు ఆడనే పెట్టిన. డ్రైవర్ కోసం సుత చూడలే, నేనే తోలిన. నూట ముప్పై, నూట నలభై! సుల్తానాబాద్ కాడ పోలీసోల్ల కెమెరా నన్ను కొట్టింది. కొట్టనీ! ఫైన్ రానీ! కార్మికుని కాలు ముఖ్యమా, నాకు పడే ఫైన్ ముఖ్యమా?"

వార్డంతా చప్పట్లు. మంచం మీది బిక్షం కూడా కొట్టాలని చూశాడు గాని, చేతికి సెలైన్ ఉంది.

అనసూర్య మాత్రం బత్తాయిల కవరును తిప్పి తిప్పి చూసింది. "కరీంనగర్ దుకాణం పేరున్నదేంది అక్కా?"

"దారిల కొన్నడేమో."

"గంత జోరు మీద వస్తా, బత్తాయిలు ఏరి కొన్నడా?"

అనసూర్య ఇంటర్ దగ్గరే చదువు ఆపింది. నాయకుల త్యాగాలు ఆమెకు తొందరగా అర్థం కావు.

సంఘం ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి. మాటలు ఎవరైనా చెబుతారు. సర్కారే ముద్ర వేసి, తేదీతో, వేగంతో ఒక నాయకుడి త్యాగాన్ని ధ్రువీకరించడం ఎక్కడా జరగలేదు. అందుకే ఆ నోటీసు రాగానే ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఫోన్‌లో మెసేజ్ వస్తుంది కదా అని ఒకరన్నారు. అన్న కొట్టిపారేశారు. "మెసేజుకు దండేస్తరా? నాకు కాయితమే గావాలె."

ఇక్కడొక చిన్న చిక్కు. కారు అన్న పేరున లేదు. నాయకుడి పేరున కారుంటే కార్మికుల మనసు నొచ్చుకుంటుందని, రెండేళ్ళ కింద మా ఆయన రఘుపతి పేరున కొన్నారు. కొన్నది ఎవరి డబ్బుతోనో మాకు తెలియదు. తిరిగేది అన్న, కాగితం మాది, ఇన్సూరెన్సు కట్టేది మేము. మా ఆయనకు మొహమాటం ఎక్కువ. క్వార్టర్ మార్పించిన మనిషి అడిగితే కాదనలేకపోయారు. డ్యూటీలో ఫోన్ ఉంచుకోనివ్వరు కనుక, ఆర్సీ మొదలు గ్యాస్ బండ దాకా అన్నిటికీ నా నంబరే ఇస్తారు.

అందువల్ల నోటీసు మా క్వార్టర్‌కే రావాలి, మా ఆయన పేరు మీదే రావాలి.

మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే వంద టన్నుల డంపర్ నడుపుతారు. పదహారేళ్ళలో ఇరవై అయిదు దాటించింది లేదు. స్కూటర్ మీద కూరగాయలకు వెళ్ళినా అదే వేగం. తెచ్చేలోపు తోటకూర వాడిపోతుంది. అటువంటి మనిషి అన్నంలో చారు బదులు నీళ్ళు పోసుకుని కలపడం మొదలుపెట్టారు.

"నూట నలభై మీద బండి తోలినోనికి డంపర్ ఎవలిస్తరు? లైసెన్సు మూన్నెల్లు పక్కన పెడ్తరు. నన్ను దింపి చీపురు చేతికిస్తరు."

"తోలింది నేనే అని రాసియ్యమని అన్నను అడుగరాదు?"

"ఎట్ల అడుగుత? బాగుండది."

ఆ వారమే ఇన్సూరెన్సు ఏజెంటు శ్యామ్ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, చెడ్డ వార్త కూడా మర్యాదగా చెబుతాడు.

"రెన్యువల్ ముప్పయ్యో తారీకండీ. స్పీడు నోటీసు వస్తుందని పేపర్లో చూశాం. మరి ప్రీమియం కొంచెం పెరగొచ్చండీ."

"అట్లాంటి రూలు ఉన్నదా?"

"ఇంకా రాలేదండీ. వచ్చేలోపు ముందుజాగ్రత్తగా పెంచేద్దామని పైవాళ్ళ ఆలోచన."

"నోటీసు రాకపోతే?"

"అప్పుడింకా కష్టమండీ. వస్తుందని ఊరంతా ఫ్లెక్సీలుండీ రాలేదంటే, ఆ బండి సంగతేదో తేడాగా ఉందనుకుంటారు."

"నడిపింది ఓనర్ కాదని రుజువుంటే?"

శ్యామ్ ముఖం వెలిగింది. "నడిపినాయన సంతకం పెట్టిచ్చాడనుకోండి, ఇటు మా దగ్గరా, అటు పోలీసుల దగ్గరా మీ ఆయన రికార్డు శుభ్రమేనండీ. కానీ అలా ఎవరు పెడతారు?"

ఈలోగా నోటీసు రాక ఆలస్యమవుతోందని ఉద్యమం మొదలైంది. మా గుమ్మం ముందు టెంటు వేసి, రోజుకు ఐదుగురు చొప్పున రిలే నిరీక్షణ దీక్షలో కూర్చున్నారు. నిరాహార దీక్ష కాదు కనుక టిఫిన్లకు అడ్డం లేదు. మంచినీళ్ళు, పల్లీల చట్నీ మా ఇంటి నుంచే. పోస్టుమన్ మొగిలి సైకిల్ వీధి మలుపు తిరిగితే చాలు, డప్పులు మోగేవి. మొదటి రోజు ఎల్‌ఐసీ కాగితానికి, రెండో రోజు పెళ్ళి కార్డుకు ఆయన మెడలో దండ పడింది. మూడో రోజు నుంచి మొగిలి మా వీధికి ఉత్తరాలు లేకపోయినా రావడం మొదలుపెట్టాడు.

వారం దాటాక "నోటీసు జాప్యం వెనుక కుట్ర" అని కరపత్రం వేశారు. ఊరేగింపుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి బైఠాయించారు.

"వెయ్యాలె, వెయ్యాలె!"

"మా అన్నకు ఫైన్ వెయ్యాలె!"

సీఐ గారు బయటికి వచ్చారు. ఫైన్ తగ్గించమని వచ్చేవాళ్ళను ఆయన చాలామందిని చూశారు.

"పడ్తది అన్నా, జర ఆగుండ్రి. కాయితాలు ప్రింటయి రావాలె."

"వేరే సంఘమోల్లు చెప్తె ఆపిన్రా?" అన్నారు అన్న. "కార్మికుని కోసం నూట నలభై మీద వస్తె, గీ గుర్తింపు సుత ఇయ్యరా?"

అవతలి సంఘం నాయకుడు కూడా ఊరుకోలేదు. అదే కెమెరా ముందు నుంచి రెండు రోజులు అటూ ఇటూ తిరిగారట. పాత జీపు, తొంభై దాటలేదు.

ఇరవై అయిదో తారీకున నేను చాయ్ తీసుకుని టెంటులోకి వెళ్ళాను.

"అన్నా, ఒక్క మాట. నోటీసు మీద పేరు మా ఆయనదే ఉంటది గదా?"

"అయితే ఏంది చెల్లె?"

"ఏం లేదు. ఫ్రేముల రఘుపతి అని కనిపిస్తది. రేపు చూసెటోల్లు, బిక్షం కోసం ఉరికొచ్చింది రఘుపతి అనుకుంటరేమో అని."

అన్న చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆయన ముఖంలో భయం చూడడం అదే మొదటిసారి. కప్పు కూలిన రోజు చూసే భాగ్యం మాకెవరికీ కలగలేదు.

"మల్ల ఎట్ల?"

"మీరే తోలినట్టు ఒక కాయితం రాసిస్తే, నోటీసు పక్కనే ఫ్రేము కట్టియ్యొచ్చు."

"జల్ది రాయి చెల్లె! డిగ్రీ చదివినవు, మంచిగ రాయి."

మంచిగానే రాశాను. "పద్నాలుగో తేదీన సదరు కారును ఉదయం నుంచి రాత్రి వరకు నేనొక్కడినే నడిపాను. మరెవ్వరూ ముట్టుకోలేదు. ఆనాటి వేగానికి, సమయానికి, దిశకు పూర్తి బాధ్యత, కీర్తి నాదే." స్టాంపు కాగితం శ్యామ్ తెచ్చాడు, నోటరీని అన్న పిలిపించారు. మూడు ప్రతులు ముందు పెడితే, చదవడం లాంటి చిన్న పనులకు సమయం వృథా చేయకుండా, విలేకరుల వైపు చూస్తూ మూడింటి మీదా సంతకం చేశారు. మర్నాటి జిల్లా ఎడిషన్‌లో ఫొటో వచ్చింది. ఫ్రేముకు ఫొటోకాపీ చాలు కనుక, అసలు ప్రతులు ఒకటి శ్యామ్‌కు, ఒకటి స్టేషన్‌కు, ఒకటి మా ఆయన మేనేజర్ ఆఫీసుకు నేనే ఇచ్చి వచ్చాను.

ఇరవై ఏడున మొగిలి సైకిల్ మామూలు కంటే వేగంగా వచ్చింది. "వచ్చింది! వచ్చింది!" అని ఆయన అరుపు డప్పుల కంటే పైన వినబడింది. అరగంటలో మైకు, కుర్చీలు, కొబ్బరికాయ సిద్ధం. చంక కర్రల మీద నిలబడ్డ బిక్షాన్ని, పక్కన అనసూర్యను వేదిక మీద కూర్చోబెట్టారు. కారుకు కూడా దండ వేశారు.

"చెల్లె, నువ్వే చదువు. ఒక్క అక్షరం సుత ఇడ్వకు," అన్నారు అన్న.

చదివాను. "వేగం గంటకు నూట ముప్పై ఏడు."

ఈలలు.

"స్థలం సుల్తానాబాద్. తేదీ పద్నాలుగు. సమయం సాయంత్రం నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలు."

ఒక కార్యకర్త వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. "నాలుగింటికి హైదరాబాదుల లేచిండు... ఇరవై అయిదు నిమిషాల్ల సుల్తానాబాద్... నూట ఎనభై కిలోమీటర్లు! అంటే అన్న గంటకు నాలుగు వందల మీద వచ్చిండు!" గుంపులో కొందరు నిజంగానే జై కొట్టారు. కెమెరా తక్కువ చూపించిందని ఒకాయన కోప్పడ్డాడు.

ఒక్క అక్షరం కూడా విడవవద్దన్నారు కనుక చివరి గీత కూడా చదివాను. "దిశ: గోదావరిఖని నుంచి కరీంనగర్ వైపు."

మైకు కుయ్యిమంది. అనసూర్య లేచి నిలబడింది.

"మా ఆయన దిక్కు వచ్చెటోల్లు, కరీంనగర్ దిక్కు మొకం పెట్టి వస్తరా అన్నా?"

అన్న మైకు అందుకున్నారు. సంక్షోభంలోనే నాయకత్వం బయటపడుతుంది. "కార్మిక సోదరులారా! బండి నాది గాదు. రఘుపతి తమ్మునిది. కాయితం చూడుండ్రి, రఘుపతిది! తోలింది గూడ రఘుపతే అయ్యుంటడు!"

బండి రఘుపతిదని నాలుగుసార్లు చెప్పారు. మా ఆయన ముఖం బొగ్గు దుమ్ము లేకుండానే నల్లబడింది. మేనేజర్ ఆఫీసు గుమాస్తా అక్కడే ఉన్నాడు.

"ఆ రోజు ఆయన మొదటి షిఫ్టు, ఐదింటి దాకా ఓవర్‌టైము. మస్టర్ల ఉన్నది," అన్నాడతను.

శ్యామ్ మర్యాదగా చెయ్యెత్తాడు. "నడిపింది ముత్యం గారేనని డిక్లరేషన్ కూడా ఉందండీ. మూడు ప్రతులు."

"ఏం కాయితం? చెల్లె పెట్టుమంటె పెట్టిన! అండ్ల ఏమున్నదో నేను చదివిన్నా? చదువకుండనే సంతకం పెట్టిన!"

అనసూర్య గొంతు పెంచలేదు; మైకు దగ్గర్లోనే ఉంది కనుక అవసరం రాలేదు.

"గని కాయితం మీద గూడ గట్లనే పెట్టినవా అన్నా?"

బిక్షం చంక కర్ర ఒకటి జారి వేదిక మీద పడింది. దాన్ని తీయడానికి ముప్పై రెండు మందిలో ఎవరూ వంగలేదు. మా ఆయన వంగారు.

తన బండి కాదని నాలుగుసార్లు చెప్పాక అదే బండి ఎక్కి వెళితే బాగుండదు కనుక, అన్న తాళం బల్ల మీద పెట్టి నడిచే వెళ్ళారు. మెల్లగానే వెళ్ళారు.

ముప్పయ్యో తారీకున ప్రీమియం పాత లెక్కనే కట్టాం. మా ఆయన డంపర్ మీదే ఉన్నారు. దండ వాడిపోయిన కారు మా ఇంటి ముందే ఉంది. దాని ఎనిమిదో గేరు ఎక్కడుందోనని పిల్లలు వెతుకుతున్నారు.

ఆ సాయంత్రం మా ఆయన గ్యాస్ బుక్ చేద్దామని నా ఫోన్ తీసుకున్నారు. మెసేజ్‌లు పైకి జరుపుతూ పోయి, ఒక దగ్గర ఆగిపోయారు.

"ఇదేంది? చలాన్ మెసేజ్ పద్దెనిమిదో తారీకునే వచ్చిందా?"

"వచ్చింది."

"టైము, దిక్కు, అన్నీ ఉన్నయ్ గదా! ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"అన్నకు కాయితమే గావాలన్నరు గదా," అన్నాను, చారు గిన్నె ఆయన ముందుకు జరుపుతూ.