జీపుకి కాస్త బురద

ఆ శనివారం పొద్దున ఇట్టియవిర వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, జీపుకి కాస్త బురద అంటించుకురావాలి, తొమ్మిదింటికల్లా భార్య ఏలిక్కుట్టిని ఎక్కించుకుని వాగమన్ కొండమీది అత్తగారింటికి బయలుదేరాలి.

శుభ్రంగా ఉన్న బండికి బురద ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. కొండమీద అతని ముగ్గురు బావమరుదులూ యాలకుల బస్తాలు మోసే జీపుల్లో పుట్టి పెరిగినవాళ్లు. కింది ఊరివాడు ఎవడైనా తళతళలాడే జీపులో వస్తే, పెళ్లికూతుర్ని దారిలో ఎక్కడ దించావని అడిగే రకం. వాళ్ల కళ్లకి తన జీపు షోకుబండిలా కనబడితే ఇట్టియవిర మళ్లీ ఆ గడప తొక్కలేడు. చక్రాల మీద రెండు చారలు, తలుపు మీద నాలుగు చుక్కలు పడితే చాలు. చేత్తో పూస్తే తెలిసిపోతుంది. బురదలో తోలి సంపాదించుకోవాలి.

జీపు అతని తండ్రిది. రబ్బరు షీట్లు మోసి మోసి ఇంజను ఆగిపోయాక కట్టెల కొట్టంలో పడి ఉండేది. కోళ్లు వెనక సీట్లో గుడ్లు పెట్టేవి. ఇట్టియవిర దాన్ని బయటికి లాగి, తుప్పు గీకించి, డీజిల్ ఇంజను ఎక్కించి, నడుము ఎత్తు టైర్లు వేయించాడు. ముందు బంపరుకి, దిగబడిన బండిని లాగడానికి ఇనుప తాడు చుట్టిన వించి బిగించాడు. వాగులో దిగినా ఇంజనుకి ఊపిరి ఆడేలా అద్దం పక్కన ఒక గొట్టం నిలబెట్టాడు. ఇదంతా అయ్యేసరికి రెండు వానాకాలాలు గడిచాయి. ఆ రెండింటిలోనూ వంటింటి పైకప్పు కారుతూనే ఉంది.

ఏలిక్కుట్టి సహకార బ్యాంకులో పనిచేస్తుంది. తన చిన్న కారులో తానే వెళ్లి వస్తుంది. కారుతున్న పైకప్పు కింద గిన్నెలు పెట్టీ పెట్టీ విసిగి, ఒకరోజు తేల్చి చెప్పింది.

"శనివారం మా అమ్మచ్చి ఎనభయ్యో పుట్టినరోజు. భోజనాల వేళకి నన్ను ఈ జీపులో అక్కడ దించితే ఇది మనింట్లో ఉంటుంది. దించలేదా, సోమవారం లోనప్పన్ వచ్చి తోలుకుపోతాడు. నేను మాటిచ్చేశాను."

అమ్మచ్చి అంటే ఏలిక్కుట్టి తల్లి. లోనప్పన్ పక్క ఊళ్లో కోళ్లఫారం ఆసామి. ఆ జీపు కట్టెల కొట్టంలోంచి బయటపడిన రోజు నుంచీ దాని మీద కన్నేసి ఉన్నాడు.

ఇంటికి కూతవేటు దూరంలో పాత ఇటుకబట్టీ ఉంది. మట్టి తవ్వేసిన గొయ్యి వానకి నిండి, పైకి పాయసంలా నున్నగా కనిపించింది. ఇట్టియవిర ఫోర్ వీల్ గేరు వేసి అంచున ఒక్క చక్రం ముంచుదామనుకున్నాడు. ఒక చక్రం వెనుకే రెండోది వెళ్లింది. రెండింటినీ ఒంటరిగా పంపడం ఇష్టంలేనట్టు జీపు మొత్తం దిగి, ఇరుసుల దాకా కూరుకుపోయింది.

వించి ఉంది కదా అని చుట్టూ చూశాడు. తాడు కట్టడానికి ఆ బట్టీ స్థలంలో ఒక్క చెట్టు లేదు. చిన్ననాటి స్నేహితుడు పైలీకి ఫోన్ చేసి, జీపుతో రమ్మని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. పైలీ వచ్చి, తన జీపుని గట్టున నిలబెట్టి, దానికి తాడు తగిలించుకోమన్నాడు. వించి తిరిగింది. ఇట్టియవిర జీపు పైకి రాలేదు. పైలీ జీపే కిందికి వచ్చింది.

అప్పుడే ఏలిక్కుట్టి ఫోన్ చేసింది. టైర్లకి గాలి పట్టిస్తున్నానని చెప్పాడు ఇట్టియవిర.

ఎవరికీ చెప్పనన్న మాట పైలీ నిలబెట్టుకున్నాడు. ఫొటో మాత్రం తమ జీపు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ సంఘానికి ఉన్న నియమం ఒక్కటే. ఎక్కడైనా ఒక జీపు దిగబడిందంటే, సొంత పెళ్లి జరుగుతున్నా సరే, అందరూ వచ్చి లాగాలి. రాసుకోని నియమం ఇంకొకటి ఉంది. తోటివాణ్ణి ముంచిన బురద కనబడితే, తాను దాన్ని దాటి చూపించకుండా ఏ జీపువాడూ ఇంటికి పోడు.

వచ్చిన మొదటివాడు ఎలా లాగుదామని అడగలేదు. ఎటువైపు నుంచి దిగావని అడిగాడు. ఇట్టియవిర చూపించాడు. అక్కడే తప్పు చేశావని చెప్పి, ఇంకోవైపు నుంచి దిగి, పైలీ పక్కన ఆగిపోయాడు. తరువాతివాడు వాళ్లిద్దరి తప్పులూ లెక్కకట్టి, గట్టిగా వేగం అందుకుని వచ్చి, అందరికన్నా లోతుగా వెళ్లాడు. జీపు ఎలాగూ తనదయ్యేదే కదా, చూసిపోదామని లోనప్పన్ తన పెద్ద బండిలో వచ్చాడు. పక్కనుంచి ఎవరో, ఇది కోళ్లు మోసినంత తేలిక కాదన్నారు. ఆయనా దిగాడు.

ఈలోగా ఊరు కదిలింది. ఏదో పోటీ జరుగుతోందనుకుని జనం గట్టు మీద చేరారు. జనం చేరారని ఒక ఆసామి ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు తెచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. ఏలిక్కుట్టి రెండోసారి ఫోన్ చేస్తే గాలి దగ్గర రద్దీగా ఉందన్నాడు. మూడోసారి ఫోన్ తీయలేదు. చేతిలో పులుసు ఉంది.

ఫోన్ తీయకపోయేసరికి ఆవిడ కంగారుపడి పక్కింటావిణ్ణి అడిగింది. పక్కింటావిడ తనకి అందిన కబురు అందించింది. ఇట్టియవిర ఇటుకబట్టీ గోతిలో దిగాడట, తీయడానికి దిగినవాళ్లు కూడా పైకి రాలేదట. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు.

ఏలిక్కుట్టి పట్టుచీరతోనే పరుగెత్తింది. వెనుకే వీధిలోని ఆడవాళ్లంతా జపమాలలు పట్టుకుని వచ్చారు. వచ్చి చూస్తే ఇట్టియవిర జీపు బానెట్టు మీద కాళ్లు చాపుకుని, ఆకులో కర్రపెండలం తింటూ, ఎవరు ఎక్కడ తప్పు చేశారో వివరిస్తున్నాడు.

ఏలిక్కుట్టి కళ్లు తుడుచుకుంది. మొగుణ్ణి ఆవిడ పిలిచే పిలుపు ఇచ్చాయా.

"బతికే ఉన్నారా, ఇచ్చాయా?"

"ఆఁ, ఉన్నాను ఏలీ."

"ఎందుకు?"

ఇట్టియవిర చాపిన కాళ్లు ముడుచుకున్నాడు. ఆవిడ గట్టు మీద నిలబడే, ముందు తన మొగుడి బండిని తీయమని అందరికీ చెప్పింది. బ్యాంకులో అప్పు ఎగ్గొట్టినవాళ్లతో మాట్లాడే గొంతు అది. మగవాళ్లు మారుమాట లేకుండా టైర్లలో గాలి తగ్గించి, చక్రాల కింద కొబ్బరిమట్టలు, పలకలు దోపి, వెనుక చేరారు. తీరా నెట్టబోయేటప్పుడు, స్టీరింగు దగ్గర ఎవరు కూర్చోవాలన్న చిక్కు వచ్చింది. తేలికైన మనిషి కావాలి. ఆ సంఘంలో బస్తా కన్నా తేలికైనవాడు లేడు.

"చేచ్చీ, మీరే ఎక్కాలి," అన్నాడు పైలీ ఏలిక్కుట్టితో.

ఇట్టియవిర అడ్డం వచ్చాడు. "ఇది నీ చిన్న కారు కాదు ఏలీ. దీనికి చెయ్యి తిరగాలి."

"మీ చెయ్యి ఎంత తిరిగిందో కనబడుతూనే ఉంది," అంటూ ఆవిడ చీర కుచ్చెళ్లు ఎగదోపి, పలక మీదుగా వెళ్లి ఎక్కి కూర్చుంది.

చెప్పక తప్పక ఇట్టియవిర చెప్పాడు. "రెండో గేరు. యాక్సిలరేటరు సగం తొక్కు. మళ్లీ చెబుతున్నా, ఏమైనా సరే కాలు తీయొద్దు."

ఆవిడ తొక్కింది. జీపు గర్జించి, వెనుక నెడుతున్నవాళ్లందరికీ నెత్తి నుంచి పాదాల దాకా బురదస్నానం చేయించి, మట్టల మీదుగా గట్టెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. జీపు ఆగలేదు. గట్టు దాటింది, రోడ్డెక్కింది, కొండ వైపు మలుపు తిరిగింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆవిడకి బ్రేకు దొరకలేదేమోనని ఇట్టియవిర రోడ్డు మీదికి పరుగెత్తాడు. వెంటనే వెనుక పోదాం రమ్మని అరిచాడు. అరిచాక చుట్టూ చూశాడు. కొండైనా వాగైనా ఆగని బండ్లు నాలుగు ఉన్నాయి. నాలుగూ గోతిలోనే ఉన్నాయి.

చివరికి ఒక ఆటో దొరికింది. ఆ బురద ఒంటితో ఎక్కనివ్వనన్నాడు డ్రైవరు. సీటు మీద అరటాకులు పరిచాక ఒప్పుకున్నాడు. దారి పొడవునా ఇట్టియవిర లోయల్లోకే చూస్తూ కూర్చున్నాడు. జీపు పోతే పోయింది, మనిషి దక్కితే చాలని అన్ని పుణ్యక్షేత్రాలకీ మొక్కుకున్నాడు. ఆఖరి ఎత్తు ఆటో ఎక్కనంది. దిగి, రాళ్లబాటలో నడిచి, రొప్పుతూ అత్తగారి వాకిట్లోకి చేరాడు.

భోజనాలు అప్పుడే వడ్డిస్తున్నారు. వాకిట్లో జీపు గొట్టం కొస దాకా బురదతో నిలబడి ఉంది. ముగ్గురు బావమరుదులూ దాని చుట్టూ తిరుగుతూ, చక్రాలు తడుముతూ, చెల్లెలు ఆ ఎత్తు ఏ గేరులో ఎక్కిందో అడుగుతున్నారు. ఎనభై నిండిన అమ్మచ్చి ముందు సీటులోంచి దిగనంటోంది.

పెద్ద బావమరిది ఇట్టియవిరని తేరిపార చూశాడు. "ఏం బావా, జీపు వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చావా?"

ఇట్టియవిర ఏలిక్కుట్టి వైపు తిరిగాడు. "ఎందుకు ఆపలేదు?"

"కాలు తీయొద్దన్నది మీరే." ఆవిడ విస్తట్లో మాంసం వేపుడు వడ్డిస్తూ అంది. "లోనప్పన్‌కి చెప్పేయండి ఇచ్చాయా. జీపు అమ్మడం లేదు."

ఆ మాటకి ఇట్టియవిర కళ్లు చెమ్మగిల్లాయి. బురద వల్ల అది ఎవరికీ కనబడలేదు.

ఆ తరువాత ఏలిక్కుట్టి నెలనెలా జీపులో అమ్మచ్చిని చూసి వస్తోంది. ఇట్టియవిర కూడా వెళుతుంటాడు. వాగమన్ బస్సు కండక్టరుకి అతను బాగా అలవాటయ్యాడు.