మూడు రెక్కల కొలత

సోమవారం పొద్దున టీ తాగుతూనే మాస్టారు ఆ వారం పని చెప్పేశారు. తెరచాప పడవకు ఉన్న చిన్న ఇంజనుకి ప్రొపెల్లర్ పగిలింది. సరైన సైజు కొలిచి కొత్తది బిగించాలి. ఆదివారం తనిఖీలో బోటు నీళ్ళ మధ్య గుర్తుగా తేలే ఎర్ర బోయాదాకా వెళ్ళి తిరిగొస్తే రేవులో దానికి చోటు ఖాయం. రాకపోతే పేరు మళ్ళీ వరుస చివరికి పోతుంది.

ఆ మాటకి ఆయన భార్య టైలరమ్మ కుడుతున్నది ఆపి చెవులు రిక్కించింది. పదకొండేళ్ళుగా ఆ బోటు ఆమె కుట్టు షెడ్డులో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మిషనేమో వంటింట్లో పొయ్యి పక్కన. ఎవరి బట్ట కుట్టినా నూనె మరక తప్పదు, మాట పడకా తప్పదు.

మాస్టారు పాత ప్రొపెల్లర్‌ని నేలమీద పెట్టి, ఒక రెక్క కొస నుంచి పక్క రెక్క కొస దాకా స్కేలు వేశారు.

"అలా కాదండీ. మూడు రెక్కలకి ఎదురెదురు కొసలుండవు. నడిమధ్య నుంచి ఒక కొస దాకా కొలిచి రెట్టింపు చెయ్యండి. గుండ్రటి బట్ట నేనలాగే కత్తిరిస్తా."

"ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. తాతకు దగ్గులు నేర్పుతావా?" అని ఆయన పదిన్నర అంగుళాలని రాసుకున్నారు.

"మూడు రెక్కలదాన్ని ఎలా కొలిచారండీ?" అని ప్రొపెల్లర్లమ్మే షాపువాడు అడిగాడు.

"స్కేలుతో!" అన్నారు మాస్టారు.

బుధవారం ట్రాలీ మీద తీసుకెళ్ళి బోటుని నీళ్ళలోకి దింపితే ఇంజను గొంతు చించుకుంది, బోటు మాత్రం నత్తనడక నడిచింది. చిన్న సైజు పడిందని ఆయనకీ అర్థమైంది.

"పన్నెండు పెట్టండి. నేను కొలిచాను," అంది టైలరమ్మ.

ఆమె పన్నెండు అంది కాబట్టి ఆయన పద్నాలుగు తెచ్చారు. శుక్రవారం అది సగం చుట్టు తిరిగి, బోటు అడుగుకి టప్పున కొట్టుకుని, చెక్క చీల్చి ఆగిపోయింది. చీలిన చెక్కకి లప్పం పూసింది ఆమే.

శనివారం ఇద్దరూ కలిసి షాపుకి వెళ్ళారు. పన్నెండు అంగుళాలవి రెండు రకాలున్నాయి. "వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్‌ని తిప్పే మీ షాఫ్టు కుడికి తిరుగుతుందా, ఎడమకా?" అన్నాడు షాపువాడు.

"ఎడమకి," అన్నారు మాస్టారు తడుముకోకుండా.

"మీరు చూసింది ముందు నుంచి కదండీ..." అంది టైలరమ్మ.

"నువ్వు నోరు మూసుకో."

మూసుకుంది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. కొత్తదైతే అప్పుడే తిరగబడేదేమో.

ఆదివారం తనిఖీ అధికారి రేవు మెట్టు మీద కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. టైలరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మాస్టారు బోటుకి ముందుకెళ్ళే గేరు వేశారు. బోటు వెనక్కి బయల్దేరి తిన్నగా అధికారి మీదికే వచ్చింది. ఆయన ఒక్క గెంతులో పై మెట్టెక్కి, "ఇది పోవడమా, రావడమా?" అని అరిచాడు.

"వెనక గేరు వెయ్యండి, ముందుకి పోతుంది!" అంది టైలరమ్మ.

మాస్టారు బిగుసుకుపోయారు. ఇక లాభం లేదని ఆమే గేరు లాగింది. బోటు బుద్ధిగా ఎర్ర బోయాదాకా వెళ్ళి తిరిగొచ్చింది. అధికారి నవ్వుతూ సంతకం పెట్టాడు.

"ప్రొపెల్లర్ తర్వాత మార్పించుకోండి. అమ్మగారి బుర్ర లేకపోతే మీకీ చోటు దక్కేది కాదు మాస్టారూ. అసలు లెక్కలు ఆవిడ చెప్పాల్సింది!"

టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనసులో మిషన్ అప్పుడే షెడ్డు కిటికీ కింద చేరిపోయింది, బట్టలు కొక్కేలకి వేలాడుతున్నాయి. మాస్టారి ముఖం మాత్రం కందగడ్డ అయింది.

"ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. 'ముందు గేరులో బోటు ముందుకు నడిచినది' అని అచ్చయి ఉంది. ఇది తప్పు. ముప్పై ఏళ్ళలో తప్పు జవాబుకి నేనొక్క మార్కు వెయ్యలేదు. కొట్టేయండి."

అధికారి జాలిగా ఆమె వైపు చూశాడు. "మీ నోటితో మీరే అంటే నేనేం చెయ్యను?" అంటూ సంతకం కొట్టేశాడు.

"నిజం చెప్పడానికి ఇన్నేళ్ళలో ఈ ఒక్క రోజే దొరికిందా మీకు?" అని టైలరమ్మ అందరి ముందూ అడిగింది. మాస్టారు ట్రాలీ తాళ్ళు ఇంకాస్త బిగించారు.

సాయంత్రానికి బోటు ఎక్కడా గోడ తగలకుండా, కొలిచి కుట్టినట్టు, ఆమె షెడ్డులో సరిపోయింది.