ఎవరూ నొచ్చుకోని పుట్టినరోజు

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుంటూనే మేనేజరు ఆ రోజు కార్యక్రమం భార్యకు వివరించాడు. సాయంత్రం నాలుగింటికి ల్యాబ్‌లో పెద్దాయన అరవయ్యో పుట్టినరోజు. పెద్దాయనంటే ఆ కట్టుడు పళ్ల ల్యాబ్ యజమాని. త్వరలో ఊరికి అవతలి వైపు ఇంకో బ్రాంచి తెరుస్తున్నాడు. దానికి ఇన్‌ఛార్జి ఎవరన్నది ఆయన ఇంకా తేల్చలేదు గానీ, మేనేజరు తన మనసులో ఎప్పుడో తేల్చేసి, అక్కడి గదిలో తన కుర్చీ ఏ కిటికీ పక్కన వేయాలో కూడా చూసుకొచ్చాడు. ఇక ఆ సంగతి పెద్దాయన బుర్రకు తట్టడమే మిగిలింది. అందుకు పుట్టినరోజును మించిన అదను దొరకదు.

"కాకపోతే మా స్టాఫ్‌లో తలా ఒక మతం. ఒకరు మురిసిపోయేది ఇంకొకరికి తప్పు. ఎవరూ నొచ్చుకోకుండా చేయాలి," అన్నాడు.

"దానికేముంది, వాళ్లనే అడగండి," అంది భార్య.

మేనేజరు ఆమెను జాలిగా చూశాడు. మతం సంగతులు ఎదుటి మనిషిని అడగడం సభ్యత కాదని, చదువుకున్నవాళ్లు అలాంటివి బయట తెలుసుకుంటారని చెప్పాడు. బయటంటే బావమరిది. అతను గుడికో మసీదుకో చర్చికో వెళ్లిన పాపాన పోలేదు గానీ, ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ అన్ని మతాల్లోనూ ఆరితేరాడు.

ల్యాబ్‌కు వచ్చేసరికి కేకు, బ్యానరు, రంగురంగుల బెలూన్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అల్మారాల నిండా ప్లాస్టర్ దవడలు ఇకిలిస్తున్నాయి. మేనేజరు తన గది తలుపేసుకుని బావమరిదికి ఫోన్ చేశాడు.

ముందు బాబాయ్ సంగతి వచ్చింది. పళ్లకు పాలిష్ పెట్టే పెద్దమనిషిని ల్యాబంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన వెళ్లే ప్రార్థన మందిరంలో పుట్టినరోజులు జరుపుకోరు. అయితే శుభాకాంక్షల బ్యానరు ఆయన కంట పడకూడదని, పాట చెవిన పడకూడదని బావమరిది తేల్చాడు. పుట్టినరోజన్న మాట ఎక్కడా లేకుండా పుట్టినరోజు చేయడంలో మేనేజరుకు ఇబ్బందేమీ కనిపించలేదు. బ్యానరు పీకించి, ఆ బోసి గోడ కింద బల్ల వేయించి, దాని మీద పెద్దాయన ఫోటో పెట్టించాడు.

తర్వాత అక్క. మైనంతో చిగుళ్లు దిద్దే ఆవిడ గుడ్డు ముట్టదు, వెలిగించిన దీపాన్ని నోటితో ఊదడం తప్పంటుంది. దాంతో కేకు వెనక్కి పోయింది. కొవ్వొత్తి మాత్రం మిగిలింది, అదీ ఆర్పకూడదన్న షరతు మీద. దాన్ని ఫోటో ముందు వెలిగించి ఉంచారు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి అది ఉపవాసాల నెల కాబట్టి బిస్కెట్లు, టీ, చివరికి మంచినీళ్ల సీసాలు కూడా మాయమయ్యాయి.

బెలూన్ల దగ్గర బావమరిది విజృంభించాడు. ఆకుపచ్చ ఒకరిది, కాషాయం ఇంకొకరిది, ఎరుపు దేవుణ్ణి నమ్మని డెలివరీ అతనిది. తెలుపు ఒక్కటే ఎవరి సొంతమూ కాదు. వీధి చివరి దుకాణంలో తెల్ల బెలూన్లు దొరక్క తెల్లపూలు తెచ్చి ఫోటో చుట్టూ పేర్చారు.

ఇక ప్రసంగం. దేవుడు చల్లగా చూడాలంటే డెలివరీ అతను ఊరుకోడు, అనకపోతే మిగతావాళ్లు ఊరుకోరు.

"మౌనం పెట్టు బావా. రెండు నిమిషాలు. మౌనానికి ఏ మతంలోనూ అభ్యంతరం లేదు," అన్నాడు బావమరిది.

మేనేజరుకు కళ్లు చెమర్చినంత పనైంది. ఇంత చక్కటి ఆలోచన తనకు రానందుకు కాస్త కుళ్లుకున్నాడు కూడా.

పెద్దాయన వచ్చేలోగా ఒకసారి రిహార్సల్ వేయించాడు. స్టాఫంతా ఫోటో ముందు తలలు వంచుకుని నిలబడ్డారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ మేనేజరు దగ్గర పనిచేసేవాళ్లకు ఎందుకని అడిగే అలవాటు ఎప్పుడో పోయింది. సరిగ్గా అప్పుడే ప్లాస్టర్ సరఫరా చేసే ఆసామి భుజాన బస్తాతో లోపలికొచ్చాడు. ఫోటో చూశాడు, పూలు చూశాడు, కొవ్వొత్తి చూశాడు. బస్తాను చప్పుడు కాకుండా దించి, కండువాతో కళ్లొత్తుకుంటూ బయటికెళ్లి, తనకు తెలిసిన డెంటిస్టులందరికీ ఫోన్లు చేశాడు.

కాసేపటికి డెంటిస్టులు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు, వాళ్లతో పాటే ప్లాస్టర్ ఆసామీ మళ్లీ లోపలికొచ్చాడు. పిలవకుండానే ఇంతమంది పెద్దలు రావడం చూసి, పెద్దాయన ముందు తన పరపతి ఎంత వెలిగిపోతుందోనని మేనేజరు పొంగిపోయాడు. వాళ్లలో అందరికన్నా ముసలి డాక్టరు అతని చేతులు పట్టుకున్నాడు.

"అరవయ్యేనా?"

"ఈ రోజుతో నిండాయి సార్."

"మీరెవరైనా అనుకున్నారా, ఇలా అవుతుందని?"

"నెల రోజులుగా అనుకుంటూనే ఉన్నాం సార్. ఆయనకు మాత్రం తెలియనివ్వలేదు."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాస్త తేరుకుని, మరి ఆ కొత్త బ్రాంచి ఇక ఎవరి చేతికి వస్తుందని అడిగాడు.

అడగక అడగక అడిగిన ప్రశ్న. మేనేజరు సిగ్గుపడ్డాడు. "నాకే రావాలి సార్. మీతో చెప్పడానికేం, ఈ రోజు కోసమే ఇన్నాళ్లూ కాచుకుని కూర్చున్నాను."

"ఏ రోజు కోసం?" అంది వెనకనుంచి ఒక గొంతు.

గుమ్మంలో పెద్దాయన నిలబడి ఉన్నాడు. ప్లాస్టర్ ఆసామి తన బస్తా మీదే చతికిలబడ్డాడు. ముసలి డాక్టరు ఒకసారి ఫోటో వంక, ఒకసారి మనిషి వంక చూసి, మేనేజరు చేతులు వదిలేశాడు. పెద్దాయన తాపీగా బల్ల దగ్గరికి నడిచి, తన ఫోటోను పోయినవాళ్ల ఫోటోను చూసినట్టే చూశాడు.

మేనేజరు ఏది ఎవరి కోసం తీసేశాడో, ఏది ఎందుకు పెట్టాడో మొదటినుంచీ అందరి ముందూ ఏకరువు పెట్టాడు. చెబుతున్నకొద్దీ తన చెవులకే అది తిక్కగా వినిపించింది.

"నా పుట్టినరోజు నేను చేసుకోను, అంతే సార్. పెద్దాయన చేసుకుంటానంటే వద్దనడానికి నేనెవర్ని?" అన్నాడు బాబాయ్. తను ఉపవాసముంటే మిగతావాళ్లు ఎందుకు మాడాలని రిసెప్షన్ అమ్మాయి అడిగింది. పొద్దు వాలాక ఆ అమ్మాయి ఉపవాసం విడిచేటప్పుడు రోజూ అందరం కలిసి మేడమీద కూర్చుంటామని, ఈ పూట పెద్దాయన కోసం గుడ్డు లేని కేకు తనే చేసి తెచ్చానని అక్క చెప్పింది. దేవుడి పేరెత్తినా కేకులో తన వాటా తనకొస్తే చాలన్నాడు డెలివరీ అతను.

పెద్దాయన మేనేజరు భుజం మీద చెయ్యి వేశాడు. "నేను పోయే రోజు కోసం కాచుకున్నానన్నావుగా. అదింకా రాలేదు. వచ్చేదాకా ఇక్కడే ఉండు."

కిటికీ పక్కన కుర్చీ అలా పోయింది. మేనేజరుకు ఏడుపొచ్చింది, కానీ అక్కడ ఏడ్చేవాళ్లు అప్పటికే కళ్లు తుడుచుకుని కేకు కోసం మేడెక్కుతున్నారు.

పొద్దు వాలాక మేడమీంచి నవ్వులు వినిపించాయి. అతను మెట్ల మీద నిలబడి ఉండగా, కేకు ముక్కతో బాబాయే కిందికి దిగివచ్చాడు.

"రోజూ ఇలా కూర్చుంటారా? నన్నెప్పుడూ పిలవలేదేం?" అన్నాడు మేనేజరు. ఆ మాట అతను అనుకున్నదానికన్నా దీనంగా వచ్చింది.

బాబాయ్ ఇబ్బందిగా కదిలాడు. "మీరు తలుపేసుకుని ఒక్కరే తింటారు కదా సార్. మీ మతంలో నలుగురితో కలిసి తినకూడదేమో అనుకున్నాం. అడిగితే బాగుండదని ఊరుకున్నాం."

మేనేజరు ఆ ముక్క అక్కడే నిలబడి తిన్నాడు. చాలా బాగుంది, అందుకే మింగడం ఇంకా కష్టమైంది.

ఇంటికెళ్లే దారిలో బావమరిది ఫోన్ చేసి వేడుక ఎలా జరిగిందని అడిగాడు. ఏ మతం వాళ్లూ నొచ్చుకోలేదని మేనేజరు ఉన్నదున్నట్టు చెప్పాడు.