కొబ్బరి నూనె, డెలాలి చెవులు

హో పట్టణం సంతవీధిలో సెన్యో గారి మందుల దుకాణంలో డెలాలి సహాయకురాలు. ఏటా వైద్య పరీక్షలో నెగ్గితేనే ఆమె లైసెన్సు నిలుస్తుంది, లేకపోతే కౌంటరు వెనక నిలబడనివ్వరు. ఆ ఉదయం ఆమె అనుకున్నది చిన్న పనే. పెందలాడే ఆస్పత్రికి వెళ్లి, పరీక్ష ముగించుకుని, దుకాణం తెరిచే వేళకు వచ్చేయాలి.

"చెవులు శుభ్రంగా లేకపోతే డాక్టరు ఏమనుకుంటాడే?" అంటూ పిన్ని యాయ్రా రెండు చెవుల్లోనూ గోరువెచ్చని కొబ్బరి నూనె పోసింది. ఏళ్లుగా పేరుకున్న గులిమి ఆ నూనెకు ఉబ్బింది. ట్రోట్రో వ్యాను దిగేసరికి డెలాలికి లోకమంతా నీళ్లడుగు నుంచి మాట్లాడుతున్నట్టుంది.

కంటిచూపు, రక్తపోటు బాగున్నాయి. వినికిడి పరీక్షలో డాక్టరు వెనక నిలబడి గుసగుసగా చెప్పిన మాటను ఆమె తిరిగి చెప్పాలి. ఆయన "మేక" అన్నాడు. ఊరుకుంటే లైసెన్సు పోతుందన్న భయంతో డెలాలి "అరటిపండు" అంది. ఆ ఊపులో ఆయన నోరు తెరవకముందే మరో రెండు జవాబులు ఇచ్చేసింది. చెవులు కడిగించుకుని రమ్మని, అందాకా సంతకం పెట్టనని ఆయన సైగలతో చెప్పాడు.

ఆలస్యమవుతుందని చెప్పడానికి సెన్యోకు ఫోన్ చేసింది. తన గొంతు తనకే వినపడక గట్టిగా అరిచింది.

"అయ్యగారూ, ఆస్పత్రిలో ఉన్నాను. చెవులు పోయాయి."

ప్రమాదమా అని అడిగాడాయన. ఆపరేషనా అన్నాడు. ప్రాణానికి ముప్పుందా అన్నాడు. ఒక్కటీ వినపడకపోయినా, యజమాని ఏమడిగినా చెప్పే అలవాటు కొద్దీ అన్నిటికీ "అవునండి" అంది.

సెన్యో దుకాణం మూసి, పిన్నిని కారెక్కించుకున్నాడు. సంగతి విన్న ఎండుచేపలమ్మే ఆడవాళ్లు ముగ్గురు వెనక సీట్లో ఇరుక్కుని దారిపొడవునా ప్రార్థనలు చేశారు.

ఈలోగా నర్సు డెలాలి కుడిచెవి కడిగేసింది. ఎడమచెవిలో చుక్కలు వేసి, తలచుట్టూ కట్టు కట్టి, తాను వచ్చేదాకా కదలొద్దని చెప్పి వెళ్లింది. తిరిగొచ్చిన వినికిడితో ఫ్యాను చప్పుడు కూడా ఇంపుగా తోస్తుంటే, డెలాలి కళ్లు మూసుకుని పడుకుంది. అప్పుడే వాళ్లంతా వచ్చి మంచం చుట్టూ చేరారు. నా చేతులారా చేసుకున్నానని పిన్ని ఏడ్చింది. సెన్యో మంచం మీదికి వంగాడు.

"ఈ పిల్ల ఏనాడూ ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వలేదు. నేనే ఆదివారాలు కూడా రమ్మని పీడించాను. తల్లీ, నువ్వు లేచి కూర్చుంటే చాలు. ఇక ఆదివారం దుకాణం మొహం చూడకు."

"అలాగేనండి అయ్యగారూ," అంది డెలాలి, తల కదపకుండా.

చేపలవాళ్లలో ఒకామె గోడ పట్టుకుంది. పిన్ని ముందు కావలించుకుంది, తర్వాత వీపు మీద ఒక్కటి వేసింది. రెండో చెవీ కడిగాక డాక్టరు నవ్వాపుకుంటూ మళ్లీ గుసగుసలాడాడు. ఈసారి ఆమె ఒక్క మాటా తప్పలేదు. ఆయన సంతకం పెట్టాడు. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు డెలాలికి అప్పుడొచ్చింది.

సెన్యో మాట వెనక్కి తీసుకుందామని చూశాడు గానీ, సాక్షులు ముగ్గురూ దుకాణం ఎదుటే చేపలమ్ముతారు. ఇప్పుడు ఆదివారాలు కౌంటరు దగ్గర ఆయన ఒక్కడే కూర్చుంటున్నాడు.