వీరభద్రప్ప పచ్చబొట్టు విజయము

వినుడు, వినుడు! విననొల్లనివారు ఫ్యాను కింద పండుకొనుడు, నాకేమి నష్టము!

ప్రచండ మార్తాండ కిరణ తాపమునకు నల్లరేగడి నేలలు నోళ్లు తెరిచి ఆకాశమును తిట్టుచుండగా, తుంగభద్ర ఇసుకతిన్నెలై పడియుండగా, సోడా బండ్ల వద్ద జనసందోహము కిక్కిరిసియుండగా, ఒకానొక వైశాఖ మధ్యాహ్నమున, కర్నూలు మహానగరమున, సెల్లుఫోను కవర్ల అంగడికి పైయంతస్తున వెలసిన టాటూ షాపు అను రణరంగమున జరిగిన ఘోర సంగ్రామమును గానము చేసెదను. ఒక పక్షమున వీరభద్రప్ప. ఎదుటి పక్షమున సూది. సూదికి బిరుదులు లేవు. వీరభద్రప్పకు కలవు.

కోడుమూరు ప్రాంత ఉల్లిచేల సార్వభౌముడు, టీ అంగడి కేసరి, గుబురుమీస ధురంధరుడు, పొగరుబోతు కోడెను కొమ్ములు పట్టి వంచితినని తానే చెప్పగా ఎవరును చూడని బాహుబల సంపన్నుడు, షష్టిపూర్తి చేసుకొనిన కురువృద్ధుడు, ఆ వీరభద్రప్ప! కరోనా టీకా వేయవచ్చిన నర్సమ్మను చూచి కందిచేనిలో దాగెనని గిట్టనివారు చెప్పుదురు. గిట్టనివారనగా ఆయన భార్య.

ఆ ఇల్లాలి పేరు నేనిప్పుడు చెప్పను. కట్టుకొన్నవాడే చెప్పలేదు, నాకేల తొందర! ఆలిని పేరు పెట్టి పిలిచిన మీసము వాలిపోవునని ఆ సీమ పెద్దమనుషులకొక భయము. కావున పెండ్లినాటినుండి వీరభద్రప్ప “ఏమ్మే” అను మహామంత్రము ఒక్కదానితోనే చెంబెడు నీళ్లు, తువ్వాల, జొన్నరొట్టె, చెప్పులు, సమస్తమును రప్పించుకొనుచుండెను. ఆమెయో, పెండ్లియైన యేడే పచ్చబొట్లామె ముందు చేయి చాచి, పసరు అద్దిన సూదులు కసకస దిగుచుండగా పెదవి కొరుకుకొని, ముంజేతిపై “వీరభద్ర” అని పొడిపించుకొని, ఆ సాయంత్రమే అదే చేతితో సంగటి కెలికెను. దానినెవ్వరును గానము చేయలేదు.

ఇక యుద్ధకారణము. షష్టిపూర్తి సంకల్పమున పురోహితుడు “ధర్మపత్ని నామధేయము?” అని అడుగగా వీరుడు పందిరివంక చూచెను, వంటవారివంక చూచెను, తుదకు కూతురు శివజ్యోతివంక దీనముగా చూచెను. కూతురే చెప్పెను. చుట్టాలందరు నవ్విరి. ఇల్లాలు నవ్వలేదు. భోజనాల బంతి లేచిన వెంటనే మగని ముందు నిలిచి యిట్లనెను.

“నీ పేరు నా చేతిమీద ఉండాది. నా పేరు నీ నోట్లో గూడా ల్యాదు. మా యమ్మ పోయినాక నన్ను పేరు పెట్టి పిలిసేటోల్లే ల్యాకపోయిరి. నా పేరు నీ జబ్బమీద పొడిపిచ్చుకునేదాంక, ఏమ్మే అంటే నేను పలకను.”

పలకలేదు! అకటా, ఏమి చెప్పుదును ఆ వీరుని దుర్గతి! కళ్లద్దాలు నెత్తిన పెట్టుకొని ఇల్లంతయు గాలించెను. చక్కెరనుకొని టీలో ఉప్పు వేసికొని, పరువు పోవునని తుదిచుక్క వరకు తాగెను. ఎన్నిమార్లు “ఏమ్మే” యని గర్జించినను గోడ మీది బల్లి మాత్రమే పలికెను. చివరకు టీ అంగడిలో పదిమంది వినునట్లు “సూదంటే నాకొక లెక్కా! పొడిపిచ్చుకుంటా పో!” అని శపథము చేసి, భార్యాపుత్రికా సమేతుడై కర్నూలు బస్సెక్కెను.

రెండు చేతుల నిండ పులులు, పాములు పొడిపించుకొనిన ఈరేష్ అను టాటూ నిపుణుడు మిషను చేతబట్టి, “ఏం పేరు రాయల్ల పెద్దాయనా?” అని అడిగెను.

వీరభద్రప్ప గడ్డముతో భార్యవైపు చూపించెను. “ఆయమ్మనడుగు.”

“నేను చెప్పను. పొడిపిచ్చుకునేటోడే చెప్పల్ల,” అనెను ఆమె.

“జ్యోతి వాళ్లమ్మ అని రాయప్పా.”

“అంత పొడుగు రాస్తే జబ్బ దాటి ఈపు మీదికి పోతాది పెద్దాయనా.”

“అయితే నా భార్య అని రాయి.”

“యా భార్య అని అడుగుతారు నాయనా జనాలు,” అనెను శివజ్యోతి.

అంతట ఆ వీరుడు ఆగ్రహోదగ్రుడై, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకొని, యిట్లు ప్రసంగించెను. “ఏమప్పా ఈరేషూ! రాతిలో బాయి తవ్వి నీళ్లు తెచ్చిన వంశం మాది! సూదిని గాదు, సుత్తిని పెట్టి పొడువు, కదిలితే అడుగు! అయితే ఇంత బతుకు బతికి, పదిమందిలో పెండ్లాం పేరు పలికినాక టీ అంగట్లో నా మొగం యాడ పెట్టుకోవల్ల?”

ఆమె లేచి కొంగు సర్దుకొనెను. కోపము లేదు. కండ్ల నిండ నీరుండెను.

“జ్యోతీ, బస్సుకు టైమాయ. పోదాం పా.”

మెట్లవైపు నడిచెను. “ఏమ్మే!” అని వీరుడు కేకవేసెను. ఆమె తిరిగి చూడలేదు. “ఏమ్మే, నిన్నే!” మెట్లపై చెప్పుల చప్పుడు వినబడెను. ఇన్నేండ్ల కాపురము మెట్లు దిగి పోవుచున్నట్లు తోచి, ఆ మీసములు వణకి, పెండ్లినాటినుండి లోపలనే మగ్గిన ఆ పేరు బయటపడెను.

“హనుమంతమ్మా!”

చెప్పుల చప్పుడు ఆగెను.

“ఏమీ?” అని మెట్ల మీదనుండియే ఆమె అడిగెను.

“రా. నాకు భయమైతాంది.”

ఆమె వచ్చి చేయి పట్టుకొనెను. అంతట ఝంకారము చేయుచు సూది జబ్బకు తాకెను. లోకమున నొప్పి కలిగిన ప్రతివాడును అమ్మా యని అరచును. వీరభద్రప్ప మాత్రము “ఓ హనుమంతమ్మా! సచ్చిపోతిని హనుమంతమ్మా!” యని పెడబొబ్బలు పెట్టగా, కింది అంగడిలో ఫోను కవర్లు కొనుచున్నవారు పైకి పరుగెత్తి వచ్చిరి. “ఉండా, ఈడనే ఉండా,” అనుచు ఆమె నవ్వుచుండెను, ఏడ్చుచుండెను. “హ” అను అక్షరము ముగిసిన మరుక్షణమే వీరుడు కుర్చీనుండి దూకెను.

“పెద్దాయనా, ఇంగా అచ్చరాలు ఉండాయి!” అని ఈరేష్ మొత్తుకొనెను.

“సాల్లేప్పా,” అనెను హనుమంతమ్మ. “మిగతావి నోటితో పలుకుతాడు.”

ఈ విధమున, శనగగింజకన్న కొంచెము పెద్దదియు, ఎర్రగా వాచినదియు నగు హకారము ఆ భుజశిఖరమున విజయధ్వజమై వెలసెను. మరునాడు టీ అంగడిలో దానిని ప్రదర్శించి, “మిషను వేడెక్కి ఆగిపాయ, ల్యాకుంటే మొత్తం రాయిచ్చేటోన్ని,” అని వీరుడు సెలవిచ్చెను. ఇంటికి వచ్చి స్నానమునకు లేచి, తువ్వాల కానక, “ఏమ్మే” అని నోరు తెరిచి, జబ్బ మంటపుట్టి, గొంతు సవరించుకొని, వీధి తలుపు ఓరగా వేసివచ్చి, “హనుమంతమ్మా” అనెను.

“వస్తాండా,” అని ఆమె వెంటనే వచ్చెను. తువ్వాల ఆయన భుజముమీదనే ఉండెను. ఆమె చూచెను, చెప్పలేదు.

“ఇంగోసారి పిలువు, చూపిస్తా.”

పిలిచెను! జనులారా, జయభేరి మ్రోగించుడు, వీరభద్రప్ప రెండవమారు పిలిచెను!