జోస్ వదలని సంవత్సరాది

ఏప్రిల్ ఒకటో తేదీ పొద్దున్నే రొట్టెల జోస్ పెళ్ళినాటి కోటు తొడుక్కుని, మూరెడు చేపను తడిగుడ్డలో చుట్టాడు. దొరగారికి సంవత్సరాది కానుకిచ్చి, ఊరందరి రొట్టెలూ కాల్చే ఉమ్మడి పొయ్యి ఈ ఏడూ తనకే ఇప్పించుకోవాలని అతని ఆలోచన. పొయ్యి పోతే ఇంటిల్లిపాదికీ పస్తే.

భార్య బెర్త్రాద్ గుండెలు బాదుకుంది. "మతి పోయిందా ఏమయ్యా? సంవత్సరాది జనవరికి మారిందని రాజుగారు దండోరా వేయించలా! మిగతా రొట్టెలవాళ్ళు అప్పుడే చేపలిచ్చొచ్చారు. పొయ్యి ఎవరికన్నది దొర ఇంకా తేల్చలేదంతే. ఇవాళ వెళ్తే నవ్వి తరిమేస్తాడు!"

"మంచులో సంవత్సరాదేమిటే, నీ మొహం! మా తాత ఇవాళే వెళ్ళాడు, మా నాన్న ఇవాళే వెళ్ళాడు."

చెప్పి లాభం లేదని బెర్త్రాద్ దొడ్డిదారిన ఇల్లిల్లూ తిరిగింది. "మా ఆయన మొండిఘటం. పలకరిస్తే నవ్వకండమ్మా, మీకు పుణ్యముంటుంది. ఇవాళే సంవత్సరాది అన్నట్టుండండి!"

మా ఊరివాళ్ళు బంగారం. "ఉత్త చేతుల్తో ఎదురెళ్తే అనుమానం రాదూ?" అంది చాకలి మార్గో. అప్పటికప్పుడు చేపలెక్కణ్ణుంచొస్తాయి? మార్గో పాతగుడ్డతో ఒకటి కుట్టింది. చెప్పులు కుట్టే రెమీ తోలుతో కత్తిరించాడు. మిగిలినవాళ్ళు కాగితంతో సరిపెట్టారు. ఊరు ఊరంతా చేపలు పట్టుకుని, జోస్ వెనకే దొర మేడకు నడిచింది.

కిటికీలోంచి చూసిన దొరకు ముచ్చెమటలు పోశాయి. "రాజుగారు మళ్ళీ మార్చేశారా? ఊరందరికీ తెలిసి నాకు తెలీలేదా? పరువు పోయిందిరా దేవుడా!" పట్టుకోటు తిరగేసి తొడుక్కుని పరుగున వచ్చాడు. "నాకెప్పుడో తెలుసు! అందరికంటే ముందొచ్చింది నువ్వేగా జోస్? పొయ్యి నీదే!" అనేసి, పక్కూరి దొరకు శుభాకాంక్షలు చెప్పడానికి బండెక్కాడు.

ఇంటికొచ్చాక బెర్త్రాద్ కళ్ళొత్తుకుంది. "ఊరందరికీ చెప్పింది నేనేనయ్యా."

"తెలుసే," అన్నాడు జోస్ కోటు విప్పుతూ. "జనవరిలో వెళ్తే నలుగురిలో ఒకణ్ణి. నీ చెవిన వేస్తే ఊరంతా కదిలొస్తుందనేగా నీ ముందు మొండికేసింది!"

బెర్త్రాద్ ఆ కోటందుకుని మడతపెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో మొద్దనుకున్న మనిషిని ఆ పూట కళ్ళారా చూసుకుని మురిసిపోయింది.

సాయంత్రం దొరగారు పక్కూరినుంచి తిరిగొచ్చారు. పట్టుకోటు వీపున అక్కడెవరో వెక్కిరింతగా తగిలించిన కాగితం చేప వేలాడుతోంది. ఆ తర్వాత ఏ ఏప్రిల్ ఒకటినా ఆయన గడప దాటలేదు.