డైరెక్టరుగారి ప్రత్యక్ష ప్రసారం

“ప్రాణానికి పిసరంత హాని కలగకుండా ప్రాణాన్ని దర్శించడమే మన సంస్థ ధ్యేయం!” అని డైరెక్టరుగారు సర్క్యులరు జారీ చేశారు. కొత్త మైక్రోస్కోపు ప్రారంభోత్సవానికి అందరూ ఇస్త్రీ బట్టలతో రావాలని కింద మరో వాక్యం కూడా ఉంది.

ఆ యంత్రాన్ని నడపడం ఒక్క ఆపరేటరమ్మకే తెలుసు. కాగితమంత పల్చని వెలుగును పక్కనుంచి పంపితే, ప్రాణి ఒంట్లో అది పడిన పొరను మాత్రమే కెమెరా పట్టుకుంటుంది. మిగతా ఒళ్లంతా చీకట్లో చల్లగా ఉంటుంది కనుక, బతికున్న చేపపిల్లను గంటల తరబడి చూసినా దానికేమీ కాదు. ఈ సంగతి ఆవిడ నాలుగుసార్లు చెప్పింది. డైరెక్టరుగారు నాలుగుసార్లూ తలూపి, “మొత్తానికి ఖరీదైన టార్చిలైటన్నమాట!” అన్నారు.

ఆ రోజు మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. అందాకా ఫొటోగ్రాఫరు తన దీపాలన్నీ వెలిగించి, ప్రదర్శన కోసం గాజుపళ్లెంలో ఉంచిన చేపపిల్లను అన్ని కోణాల్లోనూ ఫొటోలు తీశాడు. వెంట్రుకంత ప్రాణి! ఆ వేడికి అది కాస్తా హరీమంది.

ఆపరేటరమ్మ భయపడుతూనే వెళ్లి డైరెక్టరుగారికి చెప్పింది. ఆవిడ కాంట్రాక్టు పొడిగింపు కాగితం డైరెక్టరుగారి సంతకం కోసం ఆయన బల్లమీదే ఉంది మరి!

“ఏం ఫర్వాలేదమ్మా,” అన్నారాయన గొంతు తగ్గించి. “పోయినవారం తీసిన వీడియో ఉందిగా, పెట్టెయ్! పైన ‘ప్రత్యక్ష ప్రసారం’ అని రాయి.”

“అది మోసం కదండీ?”

“మోసమేంటమ్మా? తీసినప్పుడు బతికే ఉందిగా!”

ఆవిడ తలూపి యంత్రం దగ్గరికి వెళ్లింది. కానీ యంత్రం వచ్చిన దగ్గర్నుంచీ ఎనిమిది నెలలుగా చేపపిల్లల బుల్లి గుండెల్ని చూస్తూ గడిపిన మనిషికి, పాత బొమ్మకు చప్పట్లు కొట్టించడం మనస్కరించలేదు. స్వాగతోపన్యాసం ముప్పావు గంట సాగింది. ఆలోగా పక్కగదిలోకి పరుగెత్తి, మరో చేపపిల్లను తెచ్చి, జెల్లీలో నిలబెట్టి, యంత్రంలోకి దించింది.

తెరమీద గుండె టకటకా కొట్టుకుంది. సభ నోరెళ్లబెట్టింది.

“అబ్బ! ఇంత చిన్నదానికీ గుండె ఉందయ్యా!” అన్నారు మంత్రిగారు, కుర్చీ అంచుకు జరిగి.

ఇంతలో చేపపిల్ల ఒక్క తన్ను తన్నింది. తెర నల్లబడింది.

“చచ్చిందా?” మంత్రిగారు అదిరిపడి లేచారు. “నా చేతులమీదుగా ప్రారంభించిన రోజే చచ్చిందా? రేపు పేపర్లవాళ్లు నన్ను బతకనిస్తారా?”

డైరెక్టరుగారికి ముచ్చెమటలు పోశాయి. “అయ్యయ్యో, మీకేం భయం లేదండీ! అది పోయినవారం వీడియో! అసలు చేప మీరు రాకముందే పోయింది!” అనేశారు. చేతిలో మైకున్న సంగతి ఆయన మరిచిపోయారు.

ఆపరేటరమ్మ మెల్లగా మీట తిప్పి, పక్కకు జరిగిన చేపపిల్లను వెలుగు పొరలోకి తెచ్చింది. గుండె మళ్లీ తెరమీదికొచ్చింది.

“వీడియో కాదండీ,” అందావిడ. “బతికున్న చేపే. బతికుంది గనకే కదిలింది.”

మంత్రిగారు తెరను చూశారు. డైరెక్టరుగారిని చూశారు. చప్పట్లు మాత్రం చేపకే కొట్టారు.

మర్నాడు ఆపరేటరమ్మకు మెమో అందింది: “పై అధికారి ఆదేశమును ధిక్కరించి, ముందస్తు అనుమతి లేకుండా నిజమును చూపించి, తద్వారా డైరెక్టరుగారిచేత నిండుసభలో అబద్ధమాడించినందుకు మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను. సదరు చేప బతికియే యున్నదని రుజువు చేయుటకై దానిని విచారణ సంఘం ఎదుట హాజరుపరచవలెను. వీలుకాని పక్షమున, వీడియో సమర్పించినను చాలును.”